ఎర్ర కణంలో చుక్క

పోయిన వారం భూతద్దాన్ని మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి మన దారిన మనం వచ్చేశాం. ఆవిడ ఇంకా అక్కడే ఉంది. కప్పులో టీ మీద తెట్టు కట్టింది. గోడ గడియారంలో తొమ్మిదీ ఇరవై.

భూతద్దం అంటే వస్తువు కాదు, మనిషి. ఆ ప్రసూతి ఆసుపత్రి ల్యాబులో ఇరవై ఎనిమిదేళ్ళుగా రక్తం చూస్తున్న టెక్నీషియను. ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. అసలు పేరుతో ఎవరైనా పిలిస్తే, వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూస్తుంది.

రెండో అంతస్తు నర్సరీలో ఒక పాప ఉంది. పుట్టి రెండు రోజులు కాలేదు. పుట్టగానే గట్టిగా ఏడ్చింది, ఆబగా పాలు తాగింది. నిన్న సాయంత్రానికి కాళ్ళ మీద సూదితో పొడిచినట్టు ఎర్రటి చుక్కలు లేచాయి. ఎడమ భుజం మీద బొటనవేలంత మేర నల్లగా కమిలింది. రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ప్లేట్‌లెట్లు లక్షన్నరకు పైన ఉండాల్సింది, ముప్ఫైరెండు వేలే ఉన్నాయి. ఒక సంచి ఎక్కించారు. పొద్దున చూస్తే పద్నాలుగు వేలకు దిగాయి. ఇసుకలో నీళ్ళు పోసినట్టు ఎక్కడికి పోయాయో తెలియలేదు. ఇంకా దిగితే తలలో రక్తం చిమ్ముతుంది. మాడు మీద పెట్టి చేసిన స్కాన్ ఇప్పటికి బాగానే ఉందని పిల్లల డాక్టరు చెప్పాడు. 'ఇప్పటికి' అన్న మాట రెండుసార్లు అన్నాడు.

పాప నాయనమ్మకు మాత్రం కారణం తెలిసిపోయింది. కొత్త నర్సు పాపను కింద పడేసింది. మూడేళ్ళ క్రితం వేరే ఊరి ఆసుపత్రిలో ఇదే కోడలికి పుట్టిన మొదటి మనవడికీ ఇలాగే ఒళ్ళంతా కమిలింది, మూడో రోజున పోయాడు. చేతిలోంచి జారాడని అక్కడి నర్సే రాసిచ్చింది. ఒకసారి కాలినవాళ్ళకు ఏది చూసినా నిప్పే. పాపను పెద్ద ఆసుపత్రికి తీసుకుపోతామన్నారు. పాప తండ్రి అంబులెన్సు కోసం వెళ్ళాడు. పదిన్నరకి వస్తుంది, ప్రయాణం మూడు గంటలు. ఇక్కడి ఆఫీసు సూపరింటెండెంటేమో పదకొండింటికల్లా ఒక కాగితం రాసిమ్మని కొత్త నర్సు నెత్తిన కూర్చున్నాడు.

ఇదీ సంగతి. ఇక రండి, భూతద్దం ఏం చూస్తోందో మనమూ చూద్దాం.

ఆవిడ చూస్తున్నది పాప రక్తం కాదు, తల్లిది. తల్లి ఫైలులో యంత్రం ఇచ్చిన లెక్క ఉంది. ప్లేట్‌లెట్లు మూడు లక్షల నలభై వేలు. పక్కన ఎర్ర సిరాతో 'నార్మల్' అని కొట్టి ఉంది. ఆ మాట చూశాక ఇంకెవరూ తల్లి వైపు తల తిప్పలేదు. కానీ భూతద్దానికి ఒక అలవాటుంది. బిడ్డ రక్తం మాట వినకపోతే తల్లి ట్యూబు వెతికి, ఒక చుక్క తీసి గాజు పలక మీద పూస్తుంది. కాన్పు నాటి ట్యూబులు రెండు రోజులు స్టాండులో ఉంటాయి, ఈ రోజు పదింటికి చెత్తలోకి పోతాయి. దానికి ఇంకో గంట ఉందనగా ఇది ఆవిడ చేతికి దొరికింది.

కటకం కింద ఎర్ర కణాలు గులాబీ రంగు బిళ్ళల్లా పరుచుకున్నాయి. అందులో ఒక బిళ్ళలో, ఒక పక్కగా, ముదురు ఊదారంగు చుక్క కనిపించింది. గుండ్రంగా, కలంతో పెట్టినట్టుంది.

దుమ్మేమో అనుకుంది. ఫోకస్ మర కొద్దిగా తిప్పింది. దుమ్మైతే కణాన్ని వదిలేసి పైకి తేలాలి. ఇది కణంతోపాటే మసకబారి, కణంతోపాటే తేటపడింది. పలక జరిపింది. ఇంకోటి, ఆ పక్కన మరోటి.

"అమ్మాయ్, నీ ఒంట్లో ఒక సామాను తక్కువుందే," అంది మైక్రోస్కోపుతో.

"నాతోనేనా అక్కా?"

గుమ్మంలో కొత్త నర్సు నిలబడి ఉంది. ఇరవై రెండేళ్ళ పిల్ల. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. చేతిలో తెల్ల కాగితం, కలం.

"నీతో కాదులే. ఆ కాగితం ఏంటి?"

"రాసిచ్చెయ్యమంటున్నారు. రాస్తే ఉద్యోగం పోవడంతో సరిపోతుందంట, లేకపోతే పోలీసులంట." ఆ పిల్ల తన అరచేతులు తిప్పి చూసుకుంది. "నేను పడెయ్యలేదక్కా. స్నానం చేయించేటప్పుడు భుజం పట్టుకున్నాను, అంతే. కానీ రాత్రంతా ఆలోచిస్తే ఏమో అనిపిస్తోంది. నా చేతులే మంచివి కావేమో."

భూతద్దం చప్పున తలెత్తింది. ఆ మాట ఆవిడకు కొత్త కాదు. వాళ్ళింట్లో రోజూ ఉండే మాటే. ఆవిడ చెల్లెలు ఒకప్పుడు నర్సు. మూడేళ్ళ క్రితం ఒక సంచీతో ఇంటికొచ్చి, కుట్టుమిషను ముందు కూర్చుంది. అంతే, మళ్ళీ ఆసుపత్రి గడప తొక్కలేదు. అక్క మనవణ్ణి ఎత్తుకోమంటే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంటుంది. నా చేతులు మంచివి కావక్కా అంటుంది. ఎందుకో చెప్పదు. గాయాన్ని గోకకూడదని అక్క కూడా అడగలేదు.

"నీ చేతులకేం రోగం? శుభ్రంగా పది వేళ్ళున్నాయి," అంది భూతద్దం, కుర్చీలోంచి లేస్తూ. "కలం మూత పెట్టు. పదకొండు అయ్యేలోపు నువ్వు అందులో ఒక్క అక్షరం రాశావో, ఆ చేతులు నేనే విరగ్గొడతాను."

*

పిల్లల డాక్టరుది చిన్న వయసు. నిద్రలేక ముఖం పీక్కుపోయింది. ఇంక్యుబేటరు పక్కన నిలబడి ఫోనులో పెద్ద ఆసుపత్రితో మాట్లాడుతున్నాడు. భూతద్దం గాజు పలకను ఆయన ముక్కు దగ్గర పెట్టింది.

"తల్లికి ప్లీహం లేదు డాక్టరుగారూ."

ఆయన ఫోను దించాడు. "ఏమిటి?"

"ఎడమ డొక్కలో, పక్కటెముకల కింద ఉండాలి. లేదు. అది ఉన్నవాళ్ళ రక్తంలో ఈ చుక్కలుండవు. ఎర్ర కణంలో మిగిలిపోయిన నలకల్ని అది ఏరి పారేస్తుంది, బియ్యంలో రాళ్ళేరినట్టు. ఈ అమ్మాయి రక్తంలో పలక ఎటు జరిపినా ఒక రాయి తగులుతోంది. ఏరే మనిషి ఇంట్లో లేదని అర్థం."

డాక్టరు పలక వైపు కాక ఆవిడ వైపు చూశాడు. బుర్ర పరిగెడుతోందని కళ్ళలో తెలుస్తోంది. "ప్లీహం ఎందుకు తీశారన్నది అసలు ప్రశ్న. దెబ్బ తగిలి తీసి ఉండొచ్చు. అప్పుడు పాపతో దానికి సంబంధం లేదు. అలా కాకుండా ప్లేట్‌లెట్ల జబ్బుకే తీసి ఉంటే..."

"తల్లి లెక్క బాగుంటుంది, జబ్బు మాత్రం ఒంట్లోనే ఉంటుంది."

"పాపకి దిగుతుంది," అన్నాడు ఆయన. "అదే అయితే పాపని ఇక్కణ్ణుంచి కదపక్కర్లేదు. ఇవ్వాల్సిన మందు కింద మన ఫ్రిజ్‌లోనే ఉంది, ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. కానీ ఆ అమ్మాయిని నేనే అడిగానక్కా, కాన్పు రోజున. పొట్ట మీద గీత చూసే అడిగాను. చిన్నప్పుడు గోడ మీంచి పడ్డానంది, కుట్లు వేశారంది."

"మళ్ళీ అడుగుదాం."

"అంబులెన్సు దారిలో ఉంది. వాళ్ళు నా మాట వినే స్థితిలో లేరు. తల్లికి ఆ జబ్బు ఉండేదని వాళ్ళ మనిషి నోటి నుంచి ఒక్క మాట వచ్చిందా, అంబులెన్సుకి అడ్డంగా నేను పడుకుంటాను."

"మీరు పడుకోవద్దు, మీకు అసలే నిద్ర తక్కువ, లేవరు," అని భూతద్దం మెట్లెక్కింది. తొమ్మిదీ నలభై ఐదు.

*

వార్డులో కిటికీ పక్క మంచం బాలింతది. పక్కనే స్టూలు మీద ఆమె తల్లి, అంటే పాప అమ్మమ్మ, ఒక రొట్టె ముక్కను పాలలో ముంచి కూతురికి తినిపించాలని చూస్తోంది. కూతురు మొహం గోడ వైపు తిప్పేసింది.

"నీ పొట్ట మీద ఎడమ పక్కన గీత ఉంది కదూ తల్లీ?" అంది భూతద్దం, స్టూలు లాక్కుని కూర్చుని.

బాలింత ఇటు తిరిగింది. "అవునండీ. ఐదేళ్ళప్పుడు మా ఇంటి ప్రహరీ ఎక్కి నడిచాను. చివరిదాకా నడిచేశాను తెలుసా, చివర్లో పిల్లి అడ్డొచ్చింది, పడ్డాను. ఏడవలేదంట. కదమ్మా?"

అమ్మమ్మ చేతిలో రొట్టె ముక్క పాలలో కరిగి గిన్నెలో పడింది. "ఇప్పుడవన్నీ ఎందుకులేమ్మా. పాల మాటేదో చూడు," అంది.

భూతద్దం మైక్రోస్కోపు లేకుండా కూడా చూడగలదు. లేచి, అమ్మమ్మ భుజం మీద చెయ్యి వేసింది. "అక్కయ్యగారూ, ఒక్క నిమిషం బయటికి రండి. పాప బట్టలివ్వాలి."

వార్డు చివర ఉతికిన దుప్పట్లు పెట్టే చిన్న గది ఉంది. తలుపు దగ్గరగా వేసి, భూతద్దం సూటిగా అడిగేసింది.

"ప్లీహం ఎప్పుడు తీయించారు?"

"గోడ మీంచి..."

"గోడ సంగతి నాకు తెలుసు. పిల్లి సంగతి కూడా తెలుసు. నేను అడిగేది ఆపరేషను సంగతి."

"నువ్వెవరివమ్మా నన్ను నిలదీయడానికి? రక్తం గీకే దానివి రక్తం గీక్కో." అమ్మమ్మ గొంతు లేచింది. "అవతల ఆ నర్సు పిల్ల నా మనవరాల్ని పడేస్తే, దాన్ని వదిలేసి నా కూతురి మీద పడ్డారా? మీరూ మీరూ ఒకటి."

"అలాగే అనుకోండి. పదిన్నరకి బండి వస్తుంది. పద్నాలుగు వేల ప్లేట్‌లెట్లతో మూడు గంటలు గతుకుల మీద పోవాలి ఆ పసిది. పోయేదాకా ఏ మందూ పడదు. ఎందుకంటే రోగం ఏమిటో తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళో ఒక్కరే ఉన్నారు. ఆవిడ గోడ కథ చెబుతోంది."

అమ్మమ్మ దుప్పట్ల దొంతరకు ఆనుకుంది. కోపంగా మొదలైన ముఖం నెమ్మదిగా సడలిపోయింది.

"దానికి నయమైపోయింది," అంది చివరికి. "నాలుగో ఏట మొదలైంది. ఎక్కడ ముట్టుకుంటే అక్కడ కమిలేది, ముక్కులోంచి రక్తం ఆగేది కాదు. ఏడాది పాటు మందులు పోశారు. చివరికి ప్లీహం తీసేస్తే పోతుందన్నారు. తీశారు, పోయింది. పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా ఏటేటా పరీక్ష చేయించాను తల్లీ. మూడు లక్షలు, మూడున్నర లక్షలు. ఇక రానవసరం లేదన్నారు. లేని జబ్బు ఎవరికి చెప్పుకోను?"

"మరి గోడ?"

"ఆపరేషనయ్యాక అది అన్నం మానేసింది. రోజూ పొద్దున్నే లేచి అడిగేది, నాలోంచి తీసిన ముక్క ఎక్కడుందమ్మా, ఒక్కతే ఏడుస్తోందా అని. పట్టుమని ఐదేళ్ళు లేవు. ఏం చెప్పను? ఏమీ తియ్యలేదే, నువ్వు గోడ మీంచి పడ్డావు, కుట్లు వేశారు అన్నాను. ఆ రోజు కడుపు నిండా తిన్నది. పిల్లిని తర్వాత అదే కలుపుకుంది." ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. "అబద్ధమని చెప్పలేదమ్మా, కథ చెప్పాను. అది పెరిగే కొద్దీ కథా పెరిగింది. ఇక విప్పడానికి నాకే ముడి దొరకలేదు."

భూతద్దం దొంతరలోంచి ఒక తెల్ల దుప్పటి తీసి, జేబులోని పెన్సిలుతో దాని మీద రెండు గీతలు గీసింది. చాకలి పద్దు రాసేవాళ్ళు తిట్టుకున్నా సరే.

"ఇటు చూడండి. మీ అమ్మాయి ఒంట్లో కొందరు పనివాళ్ళున్నారు. ప్లేట్‌లెట్లు కనిపిస్తే చాలు, వాటి మీద ఇలా గీత పెడతారు. గీత ఉన్నవాటిని ప్లీహం తినేస్తుంది. డాక్టర్లు తినేదాన్ని తీసేశారు కాబట్టి లెక్క బాగుపడింది. కానీ గీతలు పెట్టేవాళ్ళు ఎక్కడికీ పోలేదు. వాళ్ళు కడుపులో ఉన్నప్పుడే మావి దాటి పాపలోకి వెళ్ళారు. పాపకి సొంత ప్లీహం ఉంది, దాని పని అది చేస్తోంది. మనం కొత్త ప్లేట్‌లెట్లు పోసినా వాటి మీదా గీతలే. మందు పోస్తే ఆ తినేదాని నోరు మూతపడుతుంది. కొన్ని వారాల్లో తల్లి నుంచి వచ్చిన పనివాళ్ళు వాళ్ళంతట వాళ్ళే పోతారు. ఇది పాప జబ్బు కాదు, అరువు జబ్బు. అర్థమైందా?"

అమ్మమ్మకు అర్థమైంది. ఎంతగా అర్థమైందంటే, అడగకూడని ప్రశ్న కూడా ఆవిడకే తట్టింది.

"మరి మొదటివాడు?" అంది.

భూతద్దం దుప్పటి మడత పెట్టింది. "అప్పుడు రక్తం పరీక్ష చేశారా?"

"ఎవరూ చెయ్యలేదు. కమిలింది చూశారు, పడేశారన్నారు. ఆ నర్సు పిల్ల కూడా ఒప్పుకుంది కదా."

తలుపు కిర్రుమంది.

సెలైను స్టాండు పట్టుకుని బాలింత నిలబడి ఉంది. ఎప్పట్నుంచి ఉందో తెలియదు.

"నేను గోడ మీంచి పడలేదా అమ్మా?"

అమ్మమ్మ తల అడ్డంగా ఊపింది.

"నడిచాను కదా. చివరిదాకా నడిచాను. నాకు గుర్తుంది."

"మన ఇంటికి ప్రహరీయే లేదమ్మా," అంది అమ్మమ్మ. "ముళ్ళకంచె ఉండేది."

బాలింత కొంచెంసేపు ఆ కంచెను చూస్తున్నట్టు నిలబడింది. తర్వాత భూతద్దం వైపు తిరిగింది. "నా నోటితో చెబితే చాలా అండీ? డాక్టరుగారి దగ్గరికి నన్ను తీసుకెళ్ళండి. అమ్మా, ఆ స్టాండు పట్టుకో. తర్వాత ఏడుద్దాం, ఇద్దరం కలిసి."

*

పదీ పన్నెండుకి పాప కాలికున్న సన్నటి గొట్టంలో మందు మొదటి బొట్టు పడింది. పదిన్నరకి వచ్చిన అంబులెన్సు, ఎవరూ ఎక్కకుండానే తిరిగి వెళ్ళింది. పాప తండ్రి డాక్టరు చెప్పిందంతా నోరు తెరుచుకుని విని, చివరికి ఒకే ఒక ప్రశ్న అడిగాడు, బతుకుతుందా అని. డాక్టరు ఈసారి 'ఇప్పటికి' అనలేదు. "తల స్కాన్ ఇందాక మళ్ళీ చేశాను. శుభ్రంగా ఉంది. మందు సమయానికి పడింది. సాయంత్రం ఐదింటికి లెక్క చూద్దాం, పెరుగుతుందనే నా నమ్మకం," అన్నాడు.

భూతద్దం మాత్రం అక్కడ ఆగలేదు. పదకొండుకి పది నిమిషాలుంది. కింద ఆఫీసు గదిలో ఒక పిల్ల కలం పట్టుకుని కూర్చుని ఉంది.

గదిలో సూపరింటెండెంటు ఉన్నాడు, కొత్త నర్సు ఉంది, వాళ్ళకెదురుగా కుర్చీ నిండా పాప నాయనమ్మ ఉంది. పైన జరిగింది ఆవిడకింకా చేరలేదు.

"కాగితం ఇలా ఇవ్వమ్మా," అని భూతద్దం నర్సు ముందున్న తెల్ల కాగితం తీసుకుంది. ఒక్క అక్షరం లేదు. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంది. "పాప పడలేదు. ఎవరూ పడెయ్యలేదు. మీ అబ్బాయే దిగి వచ్చి చెబుతాడు. తల్లి రక్తం నుంచి వచ్చింది. మందు మొదలైంది."

"మా కోడలి రక్తానికేం? నార్మల్ అని మీరే కదా రాసింది," అంది నాయనమ్మ.

"రాసింది మేమే. తప్పు చూసింది కూడా మేమే. అందుకే ఈ పిల్ల నెత్తిన రుద్దొద్దంటున్నాను."

"మీవాళ్ళని మీరు కాపాడుకుంటారు, నాకు తెలీదా?" నాయనమ్మ చేతిసంచీ తెరిచింది. ప్లాస్టిక్ కవరులో జాగ్రత్తగా పెట్టుకున్న ఒక కాగితం తీసి బల్ల మీద విసిరింది. "అప్పుడు కూడా మొదట అందరూ ఇలాగే అన్నారు, ఎవరూ పడెయ్యలేదని. చివరికి ఆ నర్సే రాసిచ్చింది. మూడేళ్ళుగా దీన్ని సంచీలో మోస్తున్నాను. చదువు. చదివి అప్పుడు చెప్పు."

భూతద్దం కళ్ళజోడు సర్దుకుంది. కాగితం మడతల దగ్గర చిరుగుతోంది.

'బాబు నా చేతిలోంచి జారిపోయాడు. తప్పు నాదే. ఇంకెవరిదీ లేదు.'

వరసలు కుడివైపుకి పోను పోను పైకి ఎక్కుతున్నాయి. కింద తేదీ. తేదీలోని ఏడు అంకెకు నడుమ చిన్న అడ్డగీత. ఆ అడ్డగీత ఉన్న ఏడుని భూతద్దం నిన్న పొద్దున కూడా చూసింది, కుట్టాల్సిన జాకెట్టుకి గుండుసూదితో గుచ్చిన కొలతల చీటీ మీద. ఆ ఇంట్లో ఏడుకి అలా గీత పెట్టేది ఒక్కరే.

సంతకం దాకా వెళ్ళాల్సిన పని లేకపోయింది. అయినా వెళ్ళింది. ఇరవై ఎనిమిదేళ్ళ అలవాటు, చివరి గడి దాకా చూడందే పలక కింద పెట్టదు.

కొత్త నర్సు లేచి నిలబడింది. "అక్కా, ఏమైంది?"

భూతద్దం కాగితాన్ని మళ్ళీ కవరులో పెట్టింది. చిరిగిన మడతను వేలితో ఒత్తి సరిచేసింది. తర్వాత జేబులోంచి ఫోను తీసి, చూడకుండానే ఒక నంబరు నొక్కింది.

"ఇప్పుడు ఎవరికి ఫోను?" అంది నాయనమ్మ.

"ఈ ఉత్తరం రాసిన మనిషికి."

మూడుసార్లు మోగింది. నాలుగోసారికి అవతల ఎత్తారు. వెనక కుట్టుమిషను గడగడ వినిపించి, చటుక్కున ఆగిపోయింది.

"చెప్పక్కా," అంది చెల్లెలు.